వాయించే చేతికి నొప్పి: దేనికి విశ్రాంతి, దేనికి వ్యాయామం, దేనికి న్యూరాలజిస్టు

అమెరికాలోని సింఫనీ, ఒపేరా వాద్యకారుల సంఘం 1986లో సభ్యుల ఆరోగ్యంపై ఒక సర్వే చేసింది. జవాబిచ్చిన 2,212 మందిలో 76 శాతం మంది, తమ వాయింపును గట్టిగా దెబ్బతీసిన ఆరోగ్య సమస్య కనీసం ఒకటైనా ఉందన్నారు. దాదాపు పాతికేళ్ల తర్వాత ఆస్ట్రేలియాలో ఎనిమిది ఆర్కెస్ట్రాలకు చెందిన 377 మందిని అడిగారు. వాయించడానికి అడ్డుపడేంత నొప్పి ఎప్పుడో ఒకప్పుడు వచ్చిందని 84 శాతం మంది చెప్పారు. సగం మందికి సర్వే నాటికి కూడా నొప్పి ఉంది.

ఇంతమందికి వచ్చే బాధను ఇప్పటికీ చాలామంది దాచుకుంటారు. అవకాశాలు పోతాయన్న భయం ఒక కారణం. సరైన పద్ధతిలో వాయించేవాడికి నొప్పి రాదన్న నమ్మకం మరొకటి. ఆ నమ్మకంలో కొంత నిజం లేకపోలేదు గానీ, చక్కటి పద్ధతి ఉన్న చెయ్యి కూడా వారం రోజుల్లో సాధన రెట్టింపైతే దెబ్బతింటుంది.

నొప్పి వచ్చినవారికి చుట్టుపక్కల నుంచి దొరికే సలహాలు సాధారణంగా రెండు. పట్టుదలగా సాధన చెయ్యి, అదే సర్దుకుంటుంది అనేది ఒకటి. నెలరోజులు వాద్యం ముట్టుకోకు అనేది రెండోది. ఈ రెండూ ఎక్కువసార్లు బెడిసికొడతాయి. ఎందుకంటే ‘చెయ్యి నొప్పి’, ‘వేళ్లు మాట వినడం లేదు’ అన్న మాటల వెనక మూడు వేర్వేరు జబ్బులు ఉండొచ్చు. కండరాలు, వాటిని ఎముకకు కలిపే గట్టి పట్టీలైన టెండన్లు శ్రమకు అలిసి దెబ్బతినడం మొదటిది. నరం ఎక్కడో నొక్కుకుపోవడం రెండోది. మూడోది ఫోకల్ డిస్టోనియా. ఇందులో చెయ్యి బాగానే ఉంటుంది, దాన్ని నడిపే మెదడులోని అమరిక చెదురుతుంది. ఒకదానికి పనికొచ్చే చికిత్స ఇంకోదానికి పనికిరాదు, ఒక్కోసారి చేటు కూడా చేస్తుంది.

ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

కచ్చితంగా తేల్చాల్సింది డాక్టరే. అయితే లక్షణాలను సరిగ్గా గమనించి చెబితే సగం పని అయిపోయినట్టే.

టెండన్ దెబ్బతింటే నొప్పి ఒక చోట ఉంటుంది, వేలు పెట్టి చూపించవచ్చు. మోచేయి బయటి వైపు ఎముక మీద, మణికట్టు దగ్గర బొటనవేలి మొదట్లో, భుజం ముందు భాగంలో ఎక్కువగా కనిపిస్తుంది. వాయించడం మొదలుపెట్టగానే నొప్పి ఉండి, కాసేపటికి తగ్గినట్టనిపించి, ఆపాక లేదా మర్నాడు పొద్దున తిరగబెడుతుంది. ఆ మధ్యలో తగ్గడమే మోసం చేస్తుంది. ‘చెయ్యి వేడెక్కితే పోతోంది కదా’ అని పంటి బిగువున వాయిస్తూ పోతే, మొదట్లో వాద్యం పట్టుకున్నప్పుడే ఉన్న నొప్పి, పెన్ను పట్టుకున్నా, తలుపు తీసినా, సీసా మూత తిప్పినా వచ్చే దశకు ముదురుతుంది. వాద్యం పక్కన పెట్టాక కూడా నొప్పి మిగిలిందంటే తాత్సారం చేసే సమయం దాటిపోయినట్టు.

నరం నొక్కుకుంటే నొప్పి కన్నా ముందు తిమ్మిరి, మంట, మొద్దుబారడం వస్తాయి. ఏ వేళ్లన్నదే ఇక్కడ కీలకం. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కి, రాత్రి నిద్ర లేపుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందని అనుమానించాలి. చిటికెన వేలు, ఉంగరపు వేలిలో మిగతా సగం అయితే చాలాసార్లు మోచేయి వెనక నరం. వయొలిన్ వాయించేవారి ఎడమ మోచేయి గంటల తరబడి మడిచే ఉంటుంది కాబట్టి వారిలో ఇది తరచుగా చూస్తాం. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చేతి వెనక ఉండే కండ పలచబడి గుంటపడితే మాత్రం ఒక్క వారం కూడా ఆగకూడదు. అంతవరకూ వచ్చాక నరాన్ని విడిపించినా పోయిన బలం పూర్తిగా రాకపోవచ్చు.

డిస్టోనియాలో నొప్పి సాధారణంగా ఉండదు. బాగా సాధన చేసిన స్వరవరుసలోనే ఒక వేలు దానంతటది లోపలికి ముడుచుకుంటుంది, పక్కవేలు పైకి లేచి నిలబడుతుంది. అదే చెయ్యి అన్నం తినేటప్పుడు, రాసేటప్పుడు మామూలుగానే ఉంటుంది. చాలామందిలో ఒక్క వాద్యం దగ్గరే, ఒక్కోసారి ఒక్క రకం ప్రయోగం దగ్గరే వేలు మొండికేస్తుంది.

లెక్క తప్పేది ఎక్కడ

కండరాలు, టెండన్లు పెరిగిన శ్రమకు అలవాటు పడతాయి. కానీ రెండింటి వేగం ఒకటి కాదు. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది, టెండన్‌కు నెలలు పడుతుంది. పోటీకో ఆడిషన్‌కో ముందు రోజుకు రెండు గంటల సాధన ఒక్కసారిగా ఐదు గంటలైతే కండరం ఎలాగో లాక్కొస్తుంది గానీ టెండన్ వెనకబడిపోతుంది. గాయాలు ఎక్కువగా కనిపించే సందర్భాలు చూడండి: సెలవుల తర్వాత తిరిగి సాధన మొదలుపెట్టినప్పుడు, వేసవి శిబిరాల్లో, కొత్త గురువు దగ్గర పద్ధతి మార్చుకున్నప్పుడు, కొత్త వాద్యానికో మందం పెరిగిన తీగలకో మారినప్పుడు, వరుస కచేరీల సీజన్‌లో. అన్నిట్లోనూ శరీరం అలవాటు పడే వేగం కన్నా శ్రమ పెరిగే వేగమే ఎక్కువ.

అందుకే నివారణలో మొదటి పనిముట్టు సాధన పుస్తకం. ఎన్ని నిమిషాలు, ఏ రకం సాధన, మర్నాడు పొద్దున చెయ్యి ఎలా ఉంది, ఈ మూడూ రాసుకుంటే చాలు. వారానికి పది శాతం మించి పెంచకూడదన్నది వాడుకలో ఉన్న సూత్రం. అది శిలాశాసనం కాదు గానీ హద్దుగా పనికొస్తుంది. రోజుకు 120 నిమిషాలు చేసేవారు వచ్చే వారం 130 దగ్గర ఆగాలి. నిమిషాలు పెరగకుండా తీవ్రత పెరిగినా శ్రమ పెరిగినట్టే. గంటసేపు నెమ్మదిగా వాయించడం, గంటసేపు పెద్ద ధ్వనిలో దూరపు స్వరాలు అందుకుంటూ వాయించడం ఒకటి కాదు.

పాతిక నిమిషాలకోసారి ఐదు నిమిషాల విరామం తీసుకోవాలి. ఆ ఐదు నిమిషాలు ఫోన్ మీద బొటనవేళ్లు ఆడిస్తే అది విరామం కింద లెక్క కాదు. లేచి నడవాలి, భుజాలు వదులు చేయాలి. ఒక కష్టమైన చరణాన్ని నలభై సార్లు వరసగా వాయించే బదులు పదిసార్లు వాయించి వేరేది అందుకుని, మళ్లీ దానికి రావడం చేతికీ మంచిది, జ్ఞాపకానికీ మంచిది.

సాధనకు ముందు చేతులు చల్లగా ఉంటే గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి, భుజాలు, మోచేతులు తిప్పి, వాద్యం మీద మధ్య స్థాయిలో నెమ్మదిగా ఐదు నుంచి పది నిమిషాలు వాయించాలి. వేళ్లను వెనక్కి విరిచి గట్టిగా లాగడాన్ని సన్నాహం అనుకుంటారు. కీళ్లు సహజంగానే బాగా వంగే తత్వం ఉన్నవారికి అది నేరుగా హాని. వారికి కావాల్సింది కీలును నిలబెట్టే బలం, మరింత సాగుదల కాదు.

వృథాగా పోయే బలం

ఒక పియానో మీట మీద ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే చాలా విషయాలు అర్థమవుతాయి. మీట సుమారు 10 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. మెల్లగా అదిమితే దాదాపు 50 గ్రాముల బరువుకే కదులుతుంది. అడుగు తాకడానికి కాస్త ముందే లోపలి సుత్తి మీట నుంచి విడిపోయి, తనంతట తాను ఎగిరి తీగను కొడుతుంది. ఆ క్షణం తర్వాత వేలు ఎంత నొక్కినా ధ్వని పెరగదు, మారదు. మీట పైకి లేవకుండా ఆపడానికి కావాల్సింది చాలా కొద్దిపాటి బరువు. అయినా చాలామంది మీట అడుగుకు చేరాక కూడా బలంగా అదిమే ఉంచుతారు. ఒక్కో స్వరానికి అది చిన్న ఖర్చే. గంటకు వేల స్వరాలు వాయించేవారికి ముంజేయి పట్టేయడానికి అదే చాలు. పరీక్ష తేలిక: ఒక స్వరసమూహం వాయించి, మీటలు పట్టుకునే ఉంచి, ఇంకొకరిని మణికట్టును కింద నుంచి మెల్లగా ఎత్తమనండి. కొయ్యలా బిగుసుకుని ఉంటే అక్కడ వృథా ఉంది.

చెయ్యి కొలత సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మామూలు పియానోలో ఒక ఆక్టేవ్ (ఒక స్వరం నుంచి పై స్థాయిలోని అదే స్వరం దాకా) వెడల్పు సుమారు 16.5 సెంటీమీటర్లు. చిన్న చేతులవారు ఆక్టేవ్‌లు వరసగా వాయించేటప్పుడు చెయ్యి దాదాపు పూర్తిగా చాచే ఉంటుంది. ఆ స్థితిలో వేళ్లను కదిలించే కండరాలు రెట్టింపు కష్టపడతాయి. దీన్ని సాధనతో గెలవాలనడం అన్యాయం. మధ్య స్వరం వదిలేయడం, పెద్ద స్వరసమూహాన్ని విరిచి వాయించడం, దొరికితే సన్నటి మీటల కీబోర్డు వాడటం మర్యాద తక్కువ పనులేమీ కావు.

ఉంగరపు వేలిదీ ఇలాంటి కథే. చేతి వెనక దాని టెండన్‌ను పక్క టెండన్లతో కలిపే అడ్డపట్టీలు ఉంటాయి. మిగతా వేళ్లను అదిమి ఉంచి దాన్నొక్కదాన్నే పైకెత్తమంటే కొంతవరకే లేస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో పియానో వాద్యకారులకు ఈ పట్టీలను కత్తిరించే ఆపరేషన్లు కూడా చేశారు. ఆ వేలిని విడిగా ఎత్తే కసరత్తులు ఎన్ని చేసినా శరీర నిర్మాణం మారదు. ముంజేయి కొద్దిగా తిరిగి ఆ వేలికి బరువు అందించేలా నేర్చుకోవడమే దారి.

వయొలిన్‌లో గొడవంతా దవడకూ కాలర్ ఎముకకూ మధ్య ఖాళీ దగ్గర. ఆ ఖాళీని వాద్యం, గడ్డం ఆనించే చిన్‌రెస్ట్, వాద్యం కింద భుజం మీద ఆనే షోల్డర్‌రెస్ట్ కలిసి నింపాలి. నింపకపోతే భుజం పైకి లేచి, తల కిందికి నొక్కి నింపుతాయి. నిలబడి వాద్యం పెట్టుకుని ఎడమ చెయ్యి తీసేయండి. తల బరువు మాత్రమే ఆనించి వాద్యం నిలబడాలి. భుజం ఎగదోస్తేనో, దవడ బిగిస్తేనో తప్ప నిలబడకపోతే అమరిక మార్చాలి. పొడవు మెడవారు సాధారణంగా షోల్డర్‌రెస్ట్ ఎత్తు పెంచుకుంటూ పోతారు. దానితో వాద్యం పైకి లేచి, కమాను పట్టిన కుడి భుజం కూడా లేవాల్సి వస్తుంది. చిన్‌రెస్ట్‌ను ఎత్తుగా ఉన్నదానికి మార్చి వాద్యాన్ని కాలర్ ఎముక మీదే ఆననిస్తే రెండు భుజాలూ దిగుతాయి. నేలమీద మఠం వేసుకుని వాయించేవారికి మెడ మీద భారం తగ్గుతుంది గానీ నడుము గుండ్రంగా వంగిపోతుంది. పిర్రల కింద గట్టి దిండు పెట్టి మోకాళ్ల కన్నా తుంటి ఎత్తుగా ఉండేలా చూసుకుంటే వెన్ను దానంతటదే నిలబడుతుంది.

క్లారినెట్ బరువు సుమారు 700 నుంచి 800 గ్రాములు. అందులో ఎక్కువ భాగం కుడి బొటనవేలు మోస్తుంది. బొటనవేలి ఆధారాన్ని చూపుడు, మధ్య వేళ్లకు ఎదురుగా వచ్చేలా జరపడం, మెడకు సాగే పట్టీ తగిలించడం వెంటనే ఫలితమిస్తాయి. ఫ్లూట్‌లో ఎడమ చూపుడు వేలి మొదలు వాద్యానికి ఒత్తుకుని ఆ పక్క మొద్దుబారుతుంది. అక్కడ పలచటి మెత్త ఒకటి అంటిస్తే చాలా వరకు పోతుంది. ట్రంపెట్ వంటి ఇత్తడి వాద్యాల్లో ప్రమాదం పెదవికి. పైస్థాయి స్వరాల కోసం మౌత్‌పీస్‌ను పళ్లకేసి అదిమితే పెదవి చుట్టూ ఉండే కండరం చిరిగే అవకాశం ఉంది. 1982లో ఒక సర్జన్ ఈ గాయాన్ని వర్ణిస్తూ అమెరికన్ ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ముద్దుపేరు మీద ‘సాచ్మో సిండ్రోమ్’ అని పిలిచాడు. పెదవి వాచి, పై స్వరాలు పలకక, పక్క నుంచి గాలి తప్పించుకుంటుంటే ఆ రోజుకి ఆపేయాలి. అదిమి పలికించకూడదు.

చెవి విషయం ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే చేతికీ దానికీ సంబంధం ఉంది. వేదిక మీద తన ధ్వని తనకు వినపడనివారు తెలియకుండానే బలంగా వాయిస్తారు. వేదిక మీద వాద్యకారులకు వినిపించే స్పీకరును, అంటే మానిటర్‌ను సరిచేయడం చేతికి కూడా మందే. ధ్వని 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలు. అన్ని స్థాయిల ధ్వనినీ సమంగా తగ్గించే, వాద్యకారుల కోసం చేసిన ఇయర్‌ప్లగ్‌లు వాడాలి. మామూలు స్పాంజివి పై స్థాయిని ఎక్కువగా మింగేస్తాయి, వాటితో వాయించడం కష్టం.

టెండన్‌కు చికిత్స

నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు మొదటి కొద్ది రోజులు వాయించడం బాగా తగ్గించాలి. అక్కడితో ఆగితే లాభం లేదు. నెలల తరబడి పూర్తి విశ్రాంతి ఇస్తే నొప్పి పోతుంది, దానితోపాటు టెండన్ భరించగల శక్తి కూడా పోతుంది. తిరిగి మొదలుపెట్టిన వారానికే నొప్పి వచ్చేది అందుకే.

మోచేయి బయటి నొప్పికి వాడే క్రమం ఒకటి చెప్పుకుందాం. ముంజేయి బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికి, మణికట్టు అంచు దాటి ఉండాలి. మొదటి వారం అర కిలో బరువు పట్టుకుని మణికట్టును నిటారుగా 30 నుంచి 45 సెకన్లు కదపకుండా నిలపాలి, మధ్యలో రెండేసి నిమిషాలు ఆగుతూ ఐదుసార్లు. అది తేలికయ్యాక రెండో చేతితో మణికట్టును పైకెత్తి, నొప్పి ఉన్న చేతితో నాలుగు సెకన్ల పాటు నెమ్మదిగా దించాలి. 15 చొప్పున మూడు విడతలు. చేసేటప్పుడు పదికి మూడు దాకా నొప్పి ఉన్నా ఫర్వాలేదు, మర్నాటికి మామూలు స్థాయికి రావాలి. రెండు మూడు వారాల్లో తగ్గలేదని మానేసేవారే ఎక్కువ. పన్నెండు వారాలు పడుతుందని ముందే అనుకోవాలి. దీనితోపాటు వీపు పైభాగానికి, భుజం రెక్కలకు రబ్బరు పట్టీతో వారానికి రెండు మూడుసార్లు బలం పెంచే వ్యాయామం ఉండాలి. చెయ్యి వేలాడేది అక్కడి నుంచే.

స్పాంజి బంతి పిసకడం మాత్రం వద్దు. వేళ్లు ముడిచే కండరాలు వాయించడంలోనే రోజంతా పనిచేసి ఉంటాయి, వాటికే ఇంకాస్త పని చెప్పినట్టవుతుంది.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి ఒకే మాట అందరికీ వర్తించదు. మోచేయి బయటి నొప్పిలో ఇంజెక్షన్ వేసుకున్నవారికి మొదటి కొన్ని వారాలు బాగుంటుంది గానీ, ఏడాది తర్వాత చూస్తే వేసుకోనివారికన్నా వారి పరిస్థితి అధ్వానంగా ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. బొటనవేలి మొదట్లో టెండన్ తొడుగు బిగుసుకునే డి క్వెర్వేన్ జబ్బులో, వేలు మడిస్తే ఇరుక్కుపోయే ట్రిగ్గర్ ఫింగర్‌లో అదే ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది. కాబట్టి ఇంజెక్షన్‌కు ఒప్పుకునే ముందు జబ్బు పేరు అడగండి.

నరానికి, మెదడుకు

మణికట్టు నరానికి రాత్రిపూట మణికట్టును నిటారుగా ఉంచే స్ప్లింట్ ఆరు వారాలు వాడి చూడటం తొలిమెట్టు. పగలంతా తొడుక్కుంటే కీళ్లు బిగుస్తాయి. మోచేయి నరానికి రాత్రి మోచేయి మడవకుండా దాని చుట్టూ తువ్వాలు వదులుగా చుట్టుకుని పడుకోవాలి, పగలు మోచేయి బల్ల అంచున ఆనించకూడదు. తిమ్మిరి రోజంతా ఉండిపోతే, బలం తగ్గితే నరాల పరీక్ష చేయించి శస్త్రచికిత్స గురించి మాట్లాడాలి. ఇందులో ఆలస్యం వల్ల నష్టపోయినవారే ఎక్కువ.

డిస్టోనియా వృత్తి వాద్యకారుల్లో సుమారు నూటికి ఒకరికి వస్తుంది. గంటల తరబడి ఒకే రకంగా వేగంగా సాధన చేసే వారిలో, మెదడులో ఒక్కో వేలికీ విడివిడిగా ఉండాల్సిన చోట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. లియాన్ ఫ్లైషర్ అనే అమెరికన్ పియానిస్టుకు 1960ల మధ్యలో కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు అరచేతిలోకి ముడుచుకోవడం మొదలైంది. మూడు దశాబ్దాల పాటు ఎడమచేతి రచనలు వాయిస్తూ, ఆర్కెస్ట్రా నడుపుతూ గడిపి, 1990లలో కండరాన్ని సడలించే బొటాక్స్ ఇంజెక్షన్ల సాయంతో రెండు చేతులతో వేదిక ఎక్కాడు. 1830ల ప్రారంభంలో జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ కుడిచెయ్యి పాడవడానికీ ఇదే కారణమని చాలామంది న్యూరాలజిస్టుల అభిప్రాయం.

వేలు మొండికేసినప్పుడు సాధన పెంచడం డిస్టోనియాలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు. పొరపాటు కదలికే మరింత గట్టిపడుతుంది. బొటాక్స్ ప్రభావం సుమారు మూడు నెలలు ఉంటుంది. మోతాదు ఎక్కువైతే వేలు బలహీనపడుతుంది కాబట్టి వాద్యకారులకు వేసిన అనుభవమున్న చేతే వేయాలి. దానితోపాటు కదలికను చాలా నెమ్మదిగా, లక్షణం కనిపించని వేగంలో మొదటి నుంచి నేర్చుకోవాలి. కొందరికి పలచటి గ్లౌజు తొడిగితే వేలు సర్దుకుంటుంది, స్పర్శ మారితే మెదడు పాత దారి వదులుతుంది. పూర్తిగా నయమవుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. మెరుగుపడి తిరిగి వాయించగలిగినవారు మాత్రం ఉన్నారు.

తిరిగి వాద్యం పట్టేటప్పుడు

టెండన్ గాయం తర్వాత రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు, మధ్యలో కనీసం రెండు గంటల ఎడంతో మొదలుపెట్టొచ్చు. నెమ్మదిగా, తక్కువ ధ్వనిలో. మూడు రోజులు మర్నాటి పొద్దున చెయ్యి బాగుంటే 8 నిమిషాలు, ఆపై 10, 15, 20, 25. అక్కడి నుంచి ఒక్కో విడత నిడివి పెంచకుండా విడతల సంఖ్య పెంచాలి. ముందు సమయం, తర్వాత వేగం, ఆ తర్వాత ధ్వని, చివరికి చెయ్యి చాచాల్సిన భాగాలు. ఒకేసారి రెండింటిని పెంచితే నొప్పి తిరిగొచ్చినప్పుడు కారణమేదో తెలియదు. నొప్పి 24 గంటలు దాటి నిలిస్తే ఒక మెట్టు దిగాలి, మొదటికి వెళ్లనక్కర్లేదు.

వాయించలేని రోజుల్లో మనసులో వాయించడం కాలక్షేపం అనుకోకండి. 1995లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఐదు రోజుల పాటు రోజుకు రెండు గంటలు ఐదువేళ్ల పాఠాన్ని ఊహలోనే సాధన చేసినవారి మెదడులో, నిజంగా వాయించినవారిలో వచ్చినలాంటి మార్పే కనిపించింది.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు వాద్యం తీసుకెళ్లండి. పియానోలా మోయలేనిదైతే ముందు నుంచి, పక్క నుంచి, చేతుల దగ్గరగా తీసిన రెండేసి నిమిషాల వీడియోలు చాలు. గత రెండు నెలల సాధన పుస్తకం వెంట ఉండాలి. ‘వాయించడం మానేయండి’ అన్నది తప్ప వేరే మాట రాకపోతే మూడు ప్రశ్నలు అడగండి: దెబ్బతిన్నది టెండనా, నరమా, ఇంకేమైనానా? రోజుకు ఎన్ని నిమిషాలు వాయించవచ్చు? ఏ తేదీన మళ్లీ చూసి పెంచుతారు? వీటికి జవాబు లేకపోతే వాద్యకారులకు, క్రీడాకారులకు చికిత్స చేసిన ఫిజియోథెరపిస్టునో చేతి శస్త్రవైద్యుణ్నో వెతుక్కోవాలి. వేలు తనంతట తాను ముడుచుకుంటుంటే నేరుగా న్యూరాలజిస్టు దగ్గరకే వెళ్లాలి.